ఆయిల్ మూత కదలని రోజు

ఆమె మా షెడ్డులోకి అడుగు పెట్టిన నిమిషంలోనే, స్టార్ట్ చేసి ఉన్న ఇంజన్ మీద నేను బోర్లించి పెట్టిన ఆయిల్ మూత టకటకా గెంతి, బ్యాటరీకి తగిలి, సరిగ్గా వెళ్లి ఆమె చెప్పు మీద పడింది.

చెప్పు తెల్లది. మూత నిండా ఆయిల్.

"సారీ అండీ!" అన్నాను.

ఆమె చెప్పు సంగతి పట్టించుకోలేదు. వంగి మూత తీసింది. మూత ఉండాల్సిన రంధ్రంలోంచి గుప్పుగుప్పున వస్తున్న పొగను చూసింది. వెనక సైలెన్సర్‌లోంచి వస్తున్న నీలం పొగను చూసింది. చివరికి నన్ను చూసింది. మూడు చూపుల్లోనూ తక్కువ మర్యాద దక్కింది నాకే.

"ఫోన్‌లో మా నాన్నకి ఇంజనీరింగ్ పాఠం చెప్పింది మీరేనా?"

"మీ నాన్నగారంటే..."

"లేత్ మాస్టారు. నేను ఆయన కూతుర్ని."

నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎందుకో చెప్పాలి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. నాన్న మెకానిక్. అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. నేను పగలు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకుంటాను, సాయంత్రాలూ సెలవు రోజులూ నాన్న షెడ్డులో పని చేస్తాను. డాక్టరమ్మగారి ఈ కారు నేను మొదటిసారి ఒంటిచేత్తో విప్పి బిగించిన ఇంజన్. నాన్న ఒక్క స్పానర్ కూడా ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని చూశాడు, అంతే. అరిగిపోయిన సిలిండర్లను కొత్త పిస్టన్లకు సరిపోయేలా బోరు చేసింది మాత్రం లేత్ మాస్టారు. ఆయనదీ నాన్నదీ పాతికేళ్ల స్నేహం, ఇళ్లకు రాకపోకలు లేకపోయినా.

బిగించిన రోజు ఇంజన్ గడియారంలా నడిచింది. బండిని మా దగ్గరే ఉంచుకుని నడిపి చూస్తూ మూడు వారాలు తిరిగేసరికి నీలం పొగ. నీలం అంటే ఆయిల్ కాలుతోందని అర్థం. పైన మండాల్సిన గాలి పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు దాటి కిందికి దూరుతోంది. దాన్నే బ్లో-బై అంటారు. బోర్లించిన మూత గంతులేసిందంటే కారణం అదే.

మంగళవారం ఆ పొగ చూశాను. వెంటనే లేత్ మాస్టారికి ఫోన్ చేసి, "మీ బోరింగ్‌లోనే తేడా ఉన్నట్టుంది సార్" అనేశాను. కొలతలో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే టాలరెన్స్ అనే మాట కూడా రెండుసార్లు వాడాను. ఆయన "అలాగా బాబూ" అని పెట్టేశారు.

"మంగళవారం నుంచి ఆయన మెషిన్ దగ్గరికి వెళ్లలేదు," అంది ఆమె. "'చెయ్యి తప్పిందంటే ఇక ఆపెయ్యాల్సిందే' అంటున్నారు. మెషిన్ మీద గుడ్డ కప్పేశారు. నాకు ఊహ తెలిశాక దాని మీద గుడ్డ చూడటం ఇదే మొదటిసారి."

నేను తల దించుకున్నాను.

"తేల్చుకుందామనే వచ్చాను. బోరు తప్పని తేలితే నేనే వెళ్లి ఆయనకి చెప్తాను. కాదని తేలితే మీరొచ్చి చెప్పాలి. ఫోన్‌లో కాదు, ఎదురుగా నిలబడి."

"తప్పకుండా వస్తాను."

"ముందు ఆ ఇంజన్ ఆపండి. ఏడుపొస్తోంది."

"మీకా?"

"పొగకి!"

*

ఆమె సంచీలోంచి ప్రెషర్ కొలిచే ఒక గేజూ, ఒక టార్చీ, ఫోన్‌కి తగిలించే సన్నటి కెమెరా తీగా బయటికొచ్చాయి. ఆ వెనకే మా అమ్మ టీ గ్లాసులతో వచ్చింది. సొంత కొడుకు నాలుగు రోజుల నుంచి అన్నం సరిగ్గా తినడం లేదని కూడా గమనించని మా అమ్మ, ఈ అమ్మాయి నుదుటి మీద చెమట మాత్రం గుమ్మం నుంచే గమనించింది.

"ఎండలో నడిచొచ్చావా తల్లీ? ఒరేయ్, ఫ్యాను ఇటు తిప్పు!"

"అమ్మా, ఆవిడ గొడవకి వచ్చారు."

"గొడవకొస్తే ఉక్కపొయ్యదా?"

ఫ్యాను తిప్పాను. స్టూలు మీద నాన్న అసలు నోరు విప్పడం లేదు. మామూలుగా షెడ్డుకి ఎవరొచ్చినా వాళ్ల తాత పేరు దాకా అడిగే మనిషి. ఇప్పుడు స్పానర్లను సైజు ప్రకారం సర్దుతున్నాడు. అవి పొద్దున్నే ఒకసారి సర్దినవే.

నాలుగు ప్లగ్గులూ విప్పాను. ఆమె గేజ్ పెట్టింది, నేను సెల్ఫ్ కొట్టాను.

"నూట పది... రెండోది నూట పన్నెండు... నూట పది... నూట పదకొండు," అని చదివింది. "ఎంత ఉండాలి?"

"నూట అరవై."

"పాఠాలు బాగానే గుర్తున్నాయి. చెంచాడు ఆయిల్ పోయండి ఒక్కోదాంట్లో."

పోసి మళ్లీ కొట్టాం. నాలుగూ నూట యాభై దాటాయి. పోసిన ఆయిల్ రింగుల చుట్టూ చేరి గాలిని ఆపింది కాబట్టే ప్రెషర్ పెరిగింది. అంటే వాల్వులు బాగానే ఉన్నాయి, కారుతున్నది రింగుల దగ్గరే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఒకేసారి, "రింగులే!" అన్నాం. ఆమె వెంటనే మొహం తిప్పుకుంది. శత్రువుతో కోరస్ పాడినట్టు అనిపించిందేమో.

"రింగులైనా కావచ్చు, బోరైనా కావచ్చు," అన్నాను, కాస్త ధైర్యం చేసి. "నాలుగూ బోరు చేసింది ఒక్క చెయ్యే కదా. నాలుగూ ఒకేలా తప్పి ఉండొచ్చు."

ఆమె గేజ్ కింద పెట్టింది.

"మా నాన్న ఎలా బోరు చేస్తారో ఎప్పుడైనా చూశారా? ఒక్కో పిస్టన్‌నీ విడిగా కొలుస్తారు. దాని నెత్తి మీద సుద్దముక్కతో నెంబరు వేస్తారు. ఆ నెంబరు హోల్‌ని ఆ పిస్టన్‌కే సరిపెడతారు. నాలుగు హోల్స్‌కీ నాలుగు లెక్కలు. తప్పితే నాలుగూ నాలుగు రకాలుగా తప్పుతాయి. ఒకేలా తప్పాలంటే చాలా టాలెంట్ ఉండాలి."

నిజమే, పిస్టన్ల మీద సుద్ద నెంబర్లు ఉండేవి. నేనే తుడిచాను.

"సరే, ఇది చెప్పండి. బిగించే ముందు మీరు కొలిచారా?"

"కొలిచాను. నోట్‌బుక్‌లో రాశాను కూడా."

"ఏదీ?"

తెచ్చి ఇచ్చాను. గీతలు కొట్టి, గళ్లు వేసి, తేదీ వేసి, కింద సంతకం పెట్టి మరీ రాసుకున్న పేజీ. ఆమె వేలు పెట్టి ఒక్కో గడీ చదువుతోంటే నాకు పరీక్ష పేపరు ఎదురుగా దిద్దుతున్నట్టు ఉంది.

"నాలుగూ కరెక్టుగా ఉన్నాయి," అంది నెమ్మదిగా. "కొలిచింది మీరే. రాసింది మీరే. నమ్మనిదీ మీరే."

 కోపంగా అని ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. ఆమె మామూలుగా అంది. అది ఇంకా గట్టిగా తగిలింది.

"భయమేసిందండీ," అన్నాను. "ఇది నా మొదటి ఇంజన్. తప్పు నాదైతే నాన్న మొహం ఎలా చూడాలో తెలియలేదు. అందుకని మీ నాన్నగారి మీదికి తోశాను."

ఆమె నా మొహంలోకి చూసింది. ఈసారి చూపులో వేడి కాస్త తగ్గింది. బహుశా ఫ్యాను వల్ల.

*

ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా తీగ దించాం. ఫోన్ తెర చిన్నది, తలలు రెండు. ఆమె జడ నా మోచేతికి తగులుతోంది. సిలిండర్ గోడలోనే నా సర్వస్వం ఉన్నట్టు తెర మీదే కళ్లు పెట్టాను.

"పైన చూడండి, గాజులా మెరుస్తోంది," అంది. "కింద మాత్రం అడ్డంగా గీతలు ఉన్నాయి. కనిపిస్తున్నాయా?"

సన్నటి గీతలు, ఒకదాన్నొకటి కోసుకుంటూ, వల అల్లినట్టు. బోరు చేశాక గోడ మీద ఆయిల్ నిలవడానికీ, రింగులు పట్టు దొరికి అరిగి కూర్చోడానికీ హోనింగ్ రాళ్లతో పెట్టే గీతలు.

"చాలా బాగున్నాయి," అన్నాను, నిజాయితీగానే. "పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. హోనింగ్ ఎవరు చేస్తారు మీ దగ్గర?"

"నేనే."

తల ఎత్తాను. మా రెండు తలలూ ఠంగుమని కొట్టుకున్నాయి.

"అమ్మా!" అంది ఆమె.

"ఏమైంది తల్లీ?" అంటూ మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. నా తల కూడా ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

నుదురు రుద్దుకుంటూనే ఆమె అడిగింది. "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది బండి?"

"అరవై రెండు. నలభై స్పీడు దాటకుండా జాగ్రత్తగా నడిపాను."

"అంతేనా? కానీ గోడ ఇంత మెరవాలంటే చాలాసేపు తిరిగి ఉండాలి... పెట్రోలు ఎంత పోశారు?"

"నలభై లీటర్ల ట్యాంకు, మొదటి రోజే నింపాను."

ఆమె కారులోకి వంగి తాళం తిప్పింది. ముల్లు రిజర్వులో పడుకుని ఉంది.

ఇద్దరం ముల్లునే చూస్తూ నిలబడ్డాం. అరవై రెండు కిలోమీటర్లకు ఐదు లీటర్లు పోతాయి. రిజర్వు పోగా మిగతా ముప్పై? కారు కింద వంగి చూశాను. ఒక్క చుక్క కూడా కారలేదు.

"నిలబెట్టి స్టార్ట్ చేసి వదిలేస్తే గంటకి ముప్పావు లీటరు పైనే తాగుతుంది," అని వేళ్ల మీద లెక్కపెట్టింది. "ఇరవై రోజులు... రోజుకి రెండు గంటలు. ఇంజనీరు గారూ, మీరు లేనప్పుడు ఈ బండిని ఎవరో రోజుకి రెండు గంటలు నిలబెట్టి తిప్పుతున్నారు!"

 నాన్న చేతిలోంచి స్పానర్ జారి కింద పడింది.

"చెప్పేయండి ఇంక," అంది అమ్మ.

"అది కాదురా..." అంటూ నాన్న లేచాడు. "నువ్వు పరిగెత్తించొద్దన్నావు కదా. నేను పరిగెత్తించలేదు. ఊరికే స్టార్ట్ చేశాను."

"ఎందుకు నాన్నా?"

"మీ పెద్దత్త వచ్చింది. వినిపించాను."

"పెద్దత్త ఒక్క రోజే కదా వచ్చింది?"

"మర్నాడు మీ బాబాయి వచ్చాడు. తర్వాత పక్క షెడ్డు టైర్ల అతను. అతనికి బాగా నచ్చింది, రోజూ వచ్చేవాడు. ఉత్తరాలు తెచ్చే అతను, కరెంటు మీటరు చూసే అతను..."

"మీటరు అతనికి కూడానా?"

"అడిగాడురా! అంటే... నేనే అడిగించాను."

"నేను కూడా ఒకసారి మా చెల్లికి ఫోన్‌లో వినిపించాను," అంది అమ్మ, మొగుడికి తోడుగా.

"ఒకసారేనా?"

"నాలుగుసార్లు. సిగ్నల్ సరిగ్గా లేదు."

నేను తల పట్టుకుని బంపర్ మీద కూర్చున్నాను. "నాన్నా, కొత్త ఇంజన్‌ని అలా నిలబెట్టి తిప్పకూడదని నీకు తెలియదా?"

"తెలుసు. ఇంకొకళ్ల ఇంజన్ అయితే నేనే తిట్టేవాణ్ణి." నాన్న గొంతు తగ్గింది. "నా కొడుకు ఇంజన్ చేశాడని నోటితో చెప్తే గొప్పలు పోతున్నాడంటారు. ఇంజనే చెప్తే ఎవడు కాదంటాడు? అలా వింటూ ఉంటే... ఆపబుద్ధి కాలేదురా. పొగ మొదలయ్యాక చెప్దామనుకున్నాను, సిగ్గేసింది. నువ్వు మాస్టారికి ఫోన్ చేశావని ఈ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. తెలిస్తే ఊరుకుంటానా?"

కోప్పడాల్సినవాణ్ణి, లేచి కింద పడ్డ స్పానర్ తీసి నాన్న చేతికిచ్చాను.

అప్పుడు ఆమె నవ్వింది. ముందు పెదవులు బిగించి ఆపుకోవాలని చూసింది. కుదరలేదు. ఆ రేకుల షెడ్డులో ఆ నవ్వు నాలుగు వైపులా తగిలి తిరిగొచ్చింది. మొదటి రోజు మోగిన ఇంజన్ కంటే బాగుంది. మీటరు అతన్ని పిలిచి వినిపించాలనిపించింది.

*

"ఇప్పుడేం చెయ్యాలి? మళ్లీ విప్పాలా?" అని నాన్న అడిగాడు. సోమవారం పొద్దున డాక్టరమ్మగారికి బండి కావాలి. ఈరోజు రెండో శనివారం, సెలవు.

"ఇంకా గీతలు ఉన్నాయి బాబాయిగారూ. ఒక ప్రయత్నం చెయ్యొచ్చు," అంది ఆమె. అప్పుడే నాన్న ఆమెకు బాబాయి అయిపోయాడు. "రింగుల వెనక ఒత్తిడి ఉంటేనే అవి గోడకి ఆనుకుని సర్దుకుంటాయి. మెల్లగా నడిపి, నిలబెట్టి ముద్దు చేస్తే ఒత్తిడి ఎక్కడిది? గీతలు పోయి గోడ నున్నగా మెరుస్తుంది, అంతే. దీన్ని కష్టపెట్టాలి. ఆయిల్ మార్చి, ఎత్తు రోడ్డు మీద గేరులో గట్టిగా లాగించి, వదిలెయ్యాలి. మళ్లీ లాగించి, వదిలెయ్యాలి. ఇరవైసార్లు."

"నేను నడుపుతాను," అన్నాను.

"వద్దు. మీరు దీన్ని కష్టపెట్టలేరు. నేను నడుపుతాను. మీరు వెనక పొగ చూస్తూ లెక్కపెట్టండి."

ఆయిల్ మార్చి, దారిలో పెట్రోలు పోయించుకుని వెళ్లాం. గోడౌన్ల వెనక ఉన్న ఎత్తు రోడ్డు సెలవు రోజు ఖాళీగా ఉంటుంది. మూడో గేరులో ఆమె యాక్సిలరేటర్ నేలకి తొక్కేసరికి నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఎనభై వచ్చాక కాలు తీసేసింది. వెనక నీలం పొగ తెరలా లేచింది.

"ఒకటి," అన్నాను.

"అద్దంలో చూస్తున్నారా?"

"చూస్తున్నాను."

చూస్తున్న మాట నిజం. కానీ ఆ అద్దాన్ని ఆమె తనకు సరిపోయేలా తిప్పుకుంది. నాకు అందులో రోడ్డు సగమే కనిపిస్తోంది. మిగతా సగంలో ఆమె కళ్లు.

ఏడోసారికి వాన మొదలైంది. ముందు నాలుగు చినుకులు, అడిగి రావాలా అన్నట్టు. తర్వాత అడక్కుండానే కుండపోత. ఆమె వేగం తగ్గించి, నలభైకీ అరవైకీ మధ్యే జాగ్రత్తగా లాగించింది.

"పొగ!" అని అరిచాను. "తెల్లగా వస్తోంది!"

"తెలుపైతే ఆవిరి. వానకి చల్లబడి కనిపిస్తోంది. నీలం ఉందా లేదా అది చెప్పండి."

కిటికీ దించి తల బయట పెట్టి చూశాను. నీలం పలచబడింది. తల లోపలికి తీసుకునేసరికి జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె ఏమీ అనకుండా తన చున్నీ కొస ఇటు విసిరింది.

"తుడుచుకోండి. సీటు తడిస్తే డాక్టరమ్మగారు ఊరుకోరు."

పదహారోసారి కాలు తీసినప్పుడు వెనక ఏమీ లేదు. నీలం లేదు, తెర లేదు. వానలో కడిగిన రోడ్డు ఒక్కటే.

"పొగ పోయింది!" అని ఇద్దరం కలిసి అరిచాం. ఈసారి కోరస్‌కి ఆమె మొహం తిప్పుకోలేదు.

"అయితే వెనక్కి తిప్పనా?"

"ఇంకా నాలుగు ఉన్నాయండీ. ఇరవై అన్నారుగా. లెక్క అంటే లెక్కే."

అద్దంలో కళ్లు నవ్వాయి. పదిహేడు. పద్దెనిమిది. పందొమ్మిది. ఇరవై.

"అయిపోయాయి," అంది.

"నా లెక్కలో పందొమ్మిదే అయ్యాయి."

"మీ కొలతల మీద మీకే నమ్మకం ఉండదు కదా!" అంటూనే ఆమె బండి ఇంకోసారి ఎత్తు రోడ్డు వైపే తిప్పింది.

*

దారిలోనే లేత్ మాస్టారి షాపు. తడిసిన బట్టలతోనే ఆయన ఎదుట నిలబడ్డాను. దారి పొడుగునా అనుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

"మీ బోరు తప్పు కాదు సార్. నేను బిగించే ముందు కొలిచి రాసుకున్నదే సాక్ష్యం. భయపడి మీ మీద వేశాను. నన్ను క్షమించండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. లేచి వెళ్లి మెషిన్ మీది గుడ్డ తీసి, మడిచి, నాకే ఇచ్చారు.

"తల తుడుచుకో బాబూ. జలుబు చేస్తుంది." ఆ తర్వాత, "ఇంకేమైనా చెప్పాలా?" అన్నారు.

హోనింగ్ మెషిన్ పక్కన ఆమె ఏదో రాయి వెతుకుతున్నట్టు నటిస్తోంది.

"ఉంది సార్. కానీ ఈసారి కొలుచుకున్నాకే చెప్తాను."

ఆయనకు ఏం అర్థమైందో గానీ, ఆమె చేతిలో రాయి కింద పడింది.

అన్న మాట ప్రకారమే కొలిచాను. నలభై రోజులు ఏదో ఒక పని పెట్టుకుని లేత్ షాపుకి వెళ్లాను. ఒక రోజు బోల్టు, ఒక రోజు బుష్షు, ఒక రోజు ఏమీ దొరక్క మంచిగా ఉన్న స్క్రూ డ్రైవరే సాన పట్టించుకొచ్చాను. ప్రతిరోజూ నోట్‌బుక్‌లో గళ్లు నింపాను. నలభై ఒకటో రోజున ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

తేదీ. పని. ఆమె కనబడగానే నా పరిస్థితి.

మూడో వరుస పై నుంచి కింది దాకా ఒకటే మాట: "గుండె దడ. నిన్నటిలాగే."

ఆమె వేలు పెట్టి నలభై గళ్లూ చదివింది. ఒక్కటి కూడా వదల్లేదు. ఆ నిమిషాలు నాకు నలభై కంటే ఎక్కువే అనిపించాయి.

"ఒక్కరే కొలిస్తే చాలదు," అంది చివరికి. "ఇంకో చేత్తో కూడా సరిచూడాలి." నా జేబులోంచి పెన్ను లాక్కుని, పేజీ కింద రాసింది. "సరిచూశాను. ఇక్కడ కూడా అంతే." కింద సంతకం, తేదీ.

*

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒక ఆదివారం డాక్టరమ్మగారు మళ్లీ ఆయిల్ మార్పించడానికి కారు తీసుకొచ్చారు. ఆ ఆదివారమే లేత్ మాస్టారు కూడా కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి పెళ్లి మాట్లాడటానికి వచ్చారు. పాతికేళ్ల స్నేహితులు ఇద్దరూ వియ్యంకుల్లా కూర్చోవడం రాక, కాసేపు ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు.

"మా వాడికి మీ అమ్మాయంటే ఇష్టమట," అన్నాడు నాన్న.

"మా అమ్మాయి సంతకం పెట్టేసిందట," అన్నారు మాస్టారు. "ఇంక మనం సరిచూసేదేముంది?"

అమ్మ ముందు పట్టలేని సంతోషంతో ఏడ్చి, వెంటనే చెల్లికి ఫోన్ చేసింది. మొదటిసారే సిగ్నల్ బాగా కలిసింది.

నాన్న ఆనందానికి మాత్రం కూర్చున్న చోట నిలకడ లేదు. లేచి షెడ్డులోకి నడిచాడు. చెయ్యి జేబులోకి పోయింది. కారు తాళం బయటికొచ్చింది.

"బావగారూ, ఒక్కసారి ఇలా రండి. మావాడు చేసిన ఇంజన్ మీరు సరిగ్గా వినలేదు. రెండు నిమిషాలు..."

"వద్దు!" అని అందరం ఒక్కసారే అరిచాం.

నాన్న తాళం పట్టుకుని చిన్నపిల్లాడిలా నిలబడిపోయాడు. ఆమెకే జాలేసింది. వెళ్లి తాళం తీసుకుంది.

"ఒక్క నిమిషం మావయ్యా. గడియారం పెట్టి మరీ."

స్టార్ట్ చేసింది. నేను ఆయిల్ మూత విప్పి రంధ్రం మీద బోర్లించాను. ఆరుగురి కళ్లు, అంటే డాక్టరమ్మగారివి కూడా కలిపి, ఆ మూత మీదే. అది చిన్నగా వణికింది. అంతే. ఎగరలేదు, గెంతలేదు, ఎవరి చెప్పు మీదా పడలేదు. బుద్ధిగా కూర్చుంది.

ఇంజన్ అవతలి పక్కన ఆమె నిలబడి ఉంది. అదే తెల్ల చెప్పులు. కుడి చెప్పు మీద వెలిసిపోయిన ఆయిల్ మచ్చ.

"కడగలేదా?" అన్నాను పెదవులతోనే.

"ఉంచుకున్నాను," అంది, అలాగే.

నిమిషం అయిపోయిందని మాస్టారు గడియారం చూపిస్తున్నారు. ఆపడానికి తాళం మీద చెయ్యి వెయ్యాల్సింది ఆమె. వెయ్యలేదు.

"నా లెక్కలో ఇంకా యాభై సెకన్లే అయ్యాయి నాన్నా," అంది.